అరవకండి, లాగండి

పెద్ద తునక పడిన 41వ రోజు

కంపెనీ నమోదు పుస్తకంలో అభిప్రాయాలు రాయకూడదని మొదటి పేజీలోనే నియమం ఉంది. నా అభిప్రాయం: ఆ నియమం రాసినవాడు ఆకాశం నుంచి పడిన ఇనుప తునకల్ని కోసే ఈ కోతమైదానంలో ఒక్క పూటైనా నిలబడినవాడు కాడు. కంపెనీ ఇచ్చిన ట్యాబుకి నోటితో చెబితే అదే రాసుకుంటుంది. కాకపోతే నేను "కొట్టాడు" అంటే అది "అసమ్మతి తెలిపాడు" అని దిద్దుతుంది. "రక్తం" అంటే "ద్రవనష్టం" అంటుంది. అందుకని ట్యాబుకి దాని ముక్కలు పడేసి, అసలు సంగతి పాత హాజరు కాగితాల వెనక పెన్సిలుతో రాస్తున్నాను.

ఈ రోజు కోతపనివాడు గురువులు అసమ్మతి తెలిపాడు. గంజి లైనులో అడ్డంగా దూరిన క్రేను మనిషి మూతి మీద సత్తుగిన్నె పెట్టి మూడుసార్లు కొట్టాడు. దవడ విరిగింది. రెండు పళ్ళు గంజి డేగిసాలో పడ్డాయి. వడ్డించే ఆవిడ పళ్ళు గరిటెతో తీసి పక్కన పెట్టి, లైను నడిపించింది. ఎవరూ గంజి వద్దనలేదు.

నేను వెళ్ళేసరికి గురువులు తన కంటైనరు గదిలో కింద కూర్చుని ఉన్నాడు. నేనూ కిందే కూర్చున్నాను. తోడు పనివాళ్ళం కుర్చీ ఎక్కం. అవతలి మనిషి ఎంత ఎత్తున ఉంటే మేమూ అంతే ఎత్తున. ముందు మన కథ చెప్పాలి, తర్వాతే వాళ్ళది అడగాలి. ఇది కంపెనీ పెట్టింది కాదు, మేం పెట్టుకున్నది. ఈ ఉద్యోగానికి అర్హత డిగ్రీ కాదు. ఒకప్పుడు మతి చెడి, బాగుపడినవాళ్ళం కావాలి. నేను పద్నాలుగు నెలలు మంచానికి కట్టేసి ఉన్న మనిషిని. మంచి అర్హత.

"నా కథ నీకు తెలిసిందే" అన్నాను. ఇక్కడ అందరికీ నేను అప్పనే, అంటే అక్కని.

"తెలుసప్పా. సూపర్వైజరు సెవి కొరికీసినావు. అయినా సెప్పు. నాకదంటే ఇష్టం."

చెప్పాను. పన్నెండేళ్ళ కిందట, ఇదే మైదానంలో, నా మొగుడు ఇనుప ప్లేటు కింద నలిగిపోయాడు. శవం ఇమ్మంటే సూపర్వైజరు "ముందు హెల్మెట్టు అప్పగించి సంతకం పెట్టు" అన్నాడు. హెల్మెట్టు ఇంకా నా మొగుడి తలకే ఉంది.

"సెవి ఎలగుంటాదప్పా?"

"ఉప్పగా."

నవ్వాడు. నవ్వాక భుజం పట్టుకున్నాడు. "కోపం కాదప్పా, నొప్పి. కట్టరు ఎత్తితే ఈ రెక్క ఊడొచ్చీసినట్టుంటాది. నొప్పేసినప్పుడు ఎవుడు దొరికితే ఆడే."

మనిషి లోపలి సెగకి సున్నా నుంచి తొమ్మిది దాకా అంకె వెయ్యడం మా పని. అందరి చెవి వెనకా బిళ్ళ ఉంది, అదే కొలవాలి. కానీ కోతవాళ్ళ చెవిబిళ్ళకి గ్యాసు మంట వేడికీ మనిషి వేడికీ తేడా తెలియదు. అందుకే పదకొండు వేల మందికి మా ఏడుగురి ఉద్యోగం ఇంకా బతికి ఉంది. గురువులు సెగ నాలుగు. ఏడు వేశాను.

ఎందుకంటే ఏడు వేస్తేనే రెండు రోజుల విశ్రాంతి. భుజం ఊడితే ఇవ్వరు, జ్వరం వస్తే ఇవ్వరు. మతి చెడిందంటే ఇస్తారు, ఎందుకంటే మతి చెడినవాడు ఖరీదైన కట్టరు పాడుచేస్తాడు. కాబట్టి నాలుగుంటే ఏడు వెయ్యడం మా ఏడుగురి ఆచారం. తొమ్మిదేళ్ళుగా వేస్తున్నాను. అబద్ధమా? అబద్ధమే. ఈ మైదానంలో జాలికి అంతకంటే వేరే దారి ఉందని చూపించినవాడికి దణ్ణం పెడతాను.

గురువులు పుస్తకంలో ఇది మూడో ఏడు.

44వ రోజు

పొద్దున్నే కొత్త ఉత్తర్వు. ఏ కోతపనివాడికైనా ఏడాదిలో మూడు ఏడులు పడితే కుదురు గదికి తీసుకెళ్తారు. చెవిబిళ్ళలోంచి సన్నటి తీగ ఒకటి లోపలికి పంపుతారట. నలభై నిమిషాల పని, రెండు రోజుల పరిశీలన. నొప్పి లేదు. మనిషి కుదురుగా తిరిగొస్తాడు.

మా మానసిక క్షేమాధికారి కౌశిక్ గారు. ముప్పై దాటని వయసు, ఇస్త్రీ చొక్కా, ఎప్పుడూ మెత్తటి గొంతు. ఆయన నాకు లడ్డూ పెట్టాడు.

"మొదటి జాబితాలో పదకొండుమంది ఉంటే తొమ్మిదిమందిని గుర్తించింది మీరే, దాలమ్మ గారూ. మీ అంకెలు లేకపోతే ఈ కార్యక్రమమే లేదు."

లడ్డూ చేతిలోనే ఉంది. "ఆ అంకెలు నిజం కావు" అన్నాను.

"అంటే?"

"విశ్రాంతి కోసం పైకి వేసినవి. నడుంనొప్పికీ కడుపునొప్పికీ వేసినవి."

ఆయన ట్యాబు బోర్లించాడు. "మీరు ఇప్పుడన్న మాట నేను వినలేదు. విన్నానంటే మిమ్మల్ని తీసెయ్యాలి. మీ ఏడుగురినీ తీసెయ్యాలి. అప్పుడు అందరికీ బిళ్ళ కొలతే గతి. కోతలో ఉన్నవాడికి ఆ బిళ్ళ ఎప్పుడూ తొమ్మిదే చూపిస్తుంది. అప్పుడు పదకొండు మంది కాదు, పదకొండు వేల మంది. మీ ఇష్టం."

మెత్తగా మాట్లాడేవాళ్ళని నేను అందుకే నమ్మను. అరిచేవాడి దగ్గర కనీసం ఎదురు అరవచ్చు.

మధ్యాహ్నం కాపలావాళ్ళు కరెంటు కర్రలతో వచ్చి పదకొండుమందినీ లైనులోంచి ఈడ్చారు. ఒకడు గ్యాసు సిలిండరుకి చేతులు చుట్టి వదల్లేదు. వేళ్ళ మీద కర్ర పెట్టారు. చర్మం కాలిన వాసన. వదిలాడు. ఎనిమిదో మనిషి గురువులు చెల్లెలు అసిరి. ముప్పై ఏళ్ళ పిల్ల, ప్లేట్లకి గొలుసులు తగిలించే పని. ఆమెకి మూడు ఏడులూ నేనే వేశాను, నెలనెలా కడుపునొప్పి వచ్చిన రోజుల్లో.

ఆమె కాపలావాడి ముక్కు పగలగొట్టింది. నేను చూస్తూ నిలబడ్డాను. ఇది కూడా నమోదు చెయ్యాలి.

46వ రోజు

అసిరి తిరిగొచ్చింది. నవ్వుతూ వచ్చింది.

"బాగున్నావా?"

"బాగున్నానప్పా. అంతా బాగుంది."

గొలుసు అప్పుడే కోసిన అంచుకి తగిలి ఎర్రగా కాలి ఉంది. దాన్ని వట్టి చేత్తో పట్టుకుంది. నేనే లాగి పడేశాను. అరచేతి తోలు గొలుసుతో పాటు పోయింది. ఆమె అరచెయ్యి వైపు చూసుకుని, "ఓలమ్మ, సూడప్పా" అంది, ఎవరిదో చెయ్యి అన్నట్టు.

కౌశిక్ దగ్గరికి పరిగెత్తాను. వాళ్ళు కోపం తీసేస్తున్నామనుకుంటున్నారు, కోపంతో పాటు భయం కూడా ఊడొస్తోంది అని చెప్పాను. కోపమూ భయమూ ఒకే పొయ్యి మీద కాగే రెండు కుండలు, పొయ్యి ఆర్పితే రెండూ చల్లారతాయి, భయం లేని మనిషిని కోతలో నిలబెట్టడం హత్య అని చెప్పాను.

"భయం లేని పనివాళ్ళు... అదంత చెడ్డ సంగతా?" అన్నాడు.

47వ రోజు

సాయంత్రం నాలుగున్నరకి పెద్ద తునక పక్కటెముకల్లోంచి ప్లేటు జారింది. ఒకప్పుడు అంతరిక్షంలో నలభైమంది కాపురమున్న ఇల్లు అది. దాని గోడ ఒక్కోటి పన్నెండు టన్నులు. సైరను మోగింది. గ్యాంగు అంతా పరిగెత్తింది. అసిరి గొలుసు దగ్గరే నిలబడింది.

"తప్పుకో! తప్పుకోయే!" వందమంది అరిచారు.

ఆమె తల ఎత్తి చూసింది. ప్లేటు వస్తోందని ఆమెకి తెలుసు. తెలియడం వేరు, కాళ్ళు కదలడం వేరు.

తర్వాత అక్కడ మిగిలింది రాయను. ట్యాబు "పరికర సంబంధిత సంఘటన" అని రాసుకుంది, చాలు.

గురువులు కట్టరు పట్టుకుని క్రేనుకి సైగలు చేసే సైగలవాడి మీదికి వెళ్ళాడు. భుజంలోంచి ఏదో తెగిన శబ్దం నాకు వినపడింది. కట్టరు జారిపోయింది. మిగిలినవాళ్ళు సైగలవాణ్ణి కాళ్ళతో తొక్కారు. తప్పు సైగలవాడిది కాదు. వాడూ మనలాంటివాడే. మనకి అందే ఎత్తులో ఉన్నవాణ్ణే మనం కొడతాం, అదే వాళ్ళ తెలివి. కాపలావాళ్ళు దిగారు. కర్ర తగిలిన ప్రతివాడూ చేపలా ఎగిరి పడ్డాడు. ఇనుప ముక్కలు గాల్లోకి లేచాయి. ఒక కాపలావాడి కన్ను పోయింది.

కౌశిక్ ఇస్త్రీ చొక్కాతో వచ్చి నా పక్కన నిలబడి, "వీళ్ళందరికీ అంకెలు వెయ్యండి" అన్నాడు.

నా కుడిచెయ్యి నన్ను అడగలేదు. ఆయన ముక్కు ఎముక నా పిడికిలి కింద మొక్కజొన్న కండెలా విరిగింది. పడ్డాక కూడా కొట్టాను. తవుడు వచ్చి వెనక నుంచి పట్టుకున్నాడు. తవుడు మా ఏడుగురిలో పెద్ద, అరవై దాటినవాడు. రెండుసార్లు సముద్రంలో దూకాడు, రెండుసార్లూ జనం బయటికి లాగారు.

అయిదింటికి నా చెవి వెనక బిళ్ళ టిక్కుమంది. తోడు పనివాళ్ళం కోతలో ఉండం కాబట్టి మా సెగ బిళ్ళే కొలుస్తుంది, రోజూ సాయంత్రం అయిదింటికి. అంకెని ఆడగొంతుతో చెవిలో చెబుతుంది. ఎనిమిది.

"తొమ్మిదేళ్ళలో నీది మూడు దాటలేదే" అన్నాడు తవుడు, కౌశిక్ రక్తం నా చేతుల మీంచి తుడుస్తూ. "జాగర్తమ్మా. వరసగా మూడు రోజులు ఏడు దాటితే నువ్వు ఇన్నాళ్ళూ రాసిందంతా మతిలేని రాతని కొట్టీస్తారు. నిన్ను కుదురు గదికి ఒప్పచెప్పీస్తారు. బీమావోళ్ళ నియమం, కౌశిక్ బాబు తాత దిగొచ్చినా మార్చలేడు."

తవుడు చెప్పింది హెచ్చరిక. నాకు తాళంచెవిలా వినపడింది.

నేను రాసిందంతా. నూట పద్దెనిమిదిమంది. వాళ్ళలో మూడు ఏడులు పడి కుదురు గదికి వరసలో ఉన్నవాళ్ళు ఇరవై ఏడుగురు. నా రాత కొట్టేస్తే వాళ్ళ ఏడులూ పోతాయి. గురువులు పేరు యాభయ్యో రోజు పొద్దుటి జాబితాలో ఉంది.

48వ రోజు

కౌశిక్ ముక్కుకి కట్టుతో కూర్చున్నాడు. నన్ను ఉద్యోగంలోంచి తీసెయ్యలేదు. తీసేస్తే కార్యక్రమానికి పునాది కదులుతుంది. "శోకంలో జరిగింది. క్షమాపణ రాయండి, మరిచిపోదాం" అన్నాడు.

నాలుగూ యాభై అయింది. నాకు భయం వేసింది. కావాలనుకుంటే కోపం వస్తుందా? తొమ్మిదేళ్ళు దాన్ని మింగడమే వృత్తిగా బతికాను. ఎదుటివాళ్ళకి నేర్పిందీ అదే: ఊపిరి పీల్చు, పది లెక్కపెట్టు, నీళ్ళు తాగు. ఎవరి కోసం నేర్పాను? వాళ్ళ కోసమే అనుకున్నాను. మైదానం సాఫీగా నడవడం కోసం అని ఇప్పుడు తెలుస్తోంది.

"అసిరి హెల్మెట్టు దొరికితే అప్పగించమని కుటుంబానికి చెప్పండి" అన్నాడు కౌశిక్, కాగితం నా వైపు జరుపుతూ. "నియమం."

చాలు. ఇక వెతుక్కోనక్కర్లేకపోయింది.

నా కుర్చీ లేపి ఆయన బల్ల అద్దం మీద వేశాను. తర్వాత తెర మీద, తర్వాత కిటికీ మీద. కాపలావాళ్ళు నలుగురు. మొదటివాడి మోకాలి మీద కుర్చీ కాలు విరిగింది, వాడి మోకాలు కూడా. రెండోవాడి కర్ర నా పక్కటెముకల మీద దిగింది. నోట్లో నాలుక కరుచుకుని నమిలాను. నా నెత్తురు రుచి కూడా ఉప్పగానే ఉంది. నేల మీద పడేసి బూట్లతో తన్నుతుంటే బిళ్ళ టిక్కుమంది. ఎనిమిది. నవ్వాను. నవ్వినందుకు ఇంకో రెండు తన్నారు.

కౌశిక్ తెలివితక్కువవాడు కాడు. నవ్వు చూడగానే లెక్క కట్టేశాడు. "ఈమెకి చల్లమందు ఇవ్వండి. రేపు సాయంత్రం దాకా సరిపోయేలా" అన్నాడు.

సూది తొడలో దింపారు.

49వ రోజు

ఒళ్ళంతా తడి దూదిలా ఉంది. ఎడమ కన్ను తెరుచుకోదు. మూడు పక్కటెముకలు విరిగాయని తవుడు అన్నాడు. నొప్పి ఎక్కడో పక్క గదిలో ఉన్నట్టుంది. బిళ్ళని నొక్కి చూసుకున్నాను: రెండు. మధ్యాహ్నం మూడింటికి నాలుగు. నాలుగున్నరకి అయిదు. అక్కడే ఆగిపోయింది.

రెండు దగ్గర, నాలుగు దగ్గర ఎంత హాయిగా ఉందో కూడా రాస్తాను. దాచను. అసిరి ఎందుకు నవ్విందో నాకు అర్థమైంది. ఈ మందు లోకంలో అందరికీ పోస్తే యుద్ధాలుండవనే మేధావులు ఉంటారు. ఉండవు. ఎవడి గోడ కింద ఎవడు నలిగినా చప్పుడే ఉండదు.

నాలుగూ ముప్పై అయిదుకి గురువులు వచ్చాడు. కుడిచెయ్యి మెడకి కట్టి ఉంది. నేను కింద బొంత మీద పడున్నాను. తవుడు ముక్కాలిపీట జరిపితే కాలితో నెట్టేసి కిందే కూర్చున్నాడు.

"తవుడు తాత సెప్పినాడు. ఎంతుంది?"

"అయిదు. కుదరదురా. నువ్వు పారిపో."

"ఎక్కడికి? అటు సముద్రం, ఇటు కంచె." కట్టిన చెయ్యి ఒళ్ళో సర్దుకున్నాడు. "పద్దతి పెకారం ముందు నా కత. తరవాత నీ అంకె. అంతే కదేటి?"

తొమ్మిదేళ్ళలో నాకు ఎవరూ ఎదురు కూర్చుని అలా అడగలేదు.

"మా అసిరికి పిడుగంటే బయం" అన్నాడు. "సిన్నప్పుడు మబ్బు పడితే మంచం కిందకెల్లిపోయీది. ఇక్కడికొచ్చినా అంతే. పైన ఏ సప్పుడైనా గ్యాంగులో ముందు అదే పరిగెట్టీది. నవ్వీవోళ్ళం. సైరనప్పా అని పేరెట్టినాం. కంపెనీ సైరను మోగక ముందే ఇది పరిగెట్టీది, పోతా పోతా సేతికి దొరికినోడి సొక్కా పట్టుకుని ఈడ్సుకుపోయీది. తిట్టుకుంటా మేం ఎనక. ముప్పైమూడో తునకప్పుడు అలగే ఎనిమిదిమందిమి బతికినాం. ఆ ఎనిమిదిమందిలో నానొకణ్ణి."

నాలుగూ నలభై ఏడయింది. అంకె ఇంకా అయిదే.

"మొన్న నాకూ దానికీ పదడుగులు. పదే. నాను అరిసినాను. అది నాకేసి సూసినాది. సూసి, నవ్వి, సెయ్యూపినాదప్పా. ఊరెల్లీవోళ్ళు ఊపుతారే, అలగ." ఎడమచేత్తో ఊపి చూపించాడు. "అరిసినాను గాని ఎల్లి లాగనేదు. ఎందుకు లాగనేదంటే... అలవాటు లేదు. ఎప్పుడూ అదే గదా మమ్మల్ని లాగీది."

ఆరు.

"నీ మీద కోపం లేదనను" అన్నాడు. "ఆ ఏడులు నువ్వేసినవే. రేపటికి నాకేసినవీ నీవే. నాకు రెక్క నొప్పని సెప్పినాను, నువ్వు పిచ్చని రాసినావు. ఎందుకు రాసినావో నాకు తెలుసు. అయినా రాసింది నువ్వే."

తవుడు "ఒరే" అన్నాడు. నేను వద్దని చెయ్యి ఎత్తాను. ఇంతకంటే న్యాయమైన మాట నాతో ఎవరూ అనలేదు.

అప్పుడు చెవి వెనక నుంచి ఆ ఆడగొంతు, తేనె పూసినట్టుగా: "గాఢంగా ఊపిరి తీసుకోండి, దాలమ్మ గారూ. మీరు క్షేమంగా ఉన్నారు."

క్షేమంగా.

మందు ఎక్కడికి పోయిందో తెలియదు. పక్క గదిలో ఉన్న నొప్పి తలుపు తన్నుకుని లోపలికి వచ్చింది. లేచాను. విరిగిన ఎముకలు లోపల ఒకదాన్నొకటి రాసుకున్నాయి. గోడకి కంపెనీ బిగించిన నవ్వుముఖం బొమ్మ ఉంది, ప్రతి గదిలోనూ ఉంటుంది. దాన్ని తలతో గుద్దాను. మళ్ళీ గుద్దాను. నుదురు చీలి నెత్తురు కంట్లోకి కారింది. గురువులు ఆపలేదు. ఎడమచెయ్యి నా వీపు మీద వేసి నిలబడ్డాడు, అంతే.

టిక్కు.

"నీ అంకెంతప్పా?"

"తొమ్మిది."

"నిజంగానేనా, పైనేసినావా?"

"నిజంగానే."

ముగ్గురం నవ్వాం. నా పక్కటెముకలకి నవ్వు మంచిది కాదు.

ట్యాబు వెంటనే మోగింది. దాని భాషలోనే రాస్తున్నాను: "నమోదుకర్త అనర్హత నిర్ధారణ. నూట పద్దెనిమిది వ్యక్తుల పూర్వ అంకెలు రద్దు. కొత్తగా లెక్కించవలెను." మళ్ళీ ఏడాది, మళ్ళీ మూడు ఏడులు. మిగిలిన ఆరుగురం, కాదు, మిగిలిన ఆరుగురూ ఇక మీద అందరికీ మూడే వేస్తామని ఒట్టేశారు. అంటే విశ్రాంతి రోజులు పోయాయి. గురువులు ఆ తెగిన భుజంతోనే కట్టరు ఎత్తాలి. దీన్ని గెలుపని రాసేటంత అమాయకురాల్ని కాను. ఇరవై ఏడుగురికి రేపు కూడా భయం వేస్తుంది. గెలిచింది అంతే.

తవుడు నా కాగితాలు బొంతలో కుడుతున్నాడు. తన రాతల్లో పంతొమ్మిదిమంది వరసలో ఉన్నారట. "నాదెప్పుడూ రెండు దాటదు. ముసలి కుక్కకి కోపమెలగొస్తాదే?" అని అడిగాడు. గురువులు అతని ఎదురుగా కింద కూర్చున్నాడు. "ముందు నా కత సెప్తాను తాతా" అన్నాడు.

బయట బూట్ల చప్పుడు. నాకోసమే. నాలుగు మాటలకి సమయం ఉంది.

ఈ కాగితం దొరికినవాళ్ళకి: రెండు రోజుల్లో నేను తిరిగొస్తాను. నవ్వుతూ ఉంటాను. అంతా బాగుందంటాను. ఈ రాతలన్నీ పిచ్చిలో రాశానని కూడా అనవచ్చు. నమ్మకండి. నన్ను ఏదో ఒక రోజు గొలుసుల దగ్గర నిలబెడతారు, సైరను మోగుతుంది, నేను తల ఎత్తి చూస్తూ నిలబడతాను.

అప్పుడు అరవకండి. పదడుగులే. వచ్చి లాగండి.